పట్టా వద్దన్న భీం

కొమురం భీం అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా. పులితో తలపడే సీను, ఢిల్లీలో డ్యాన్సు, మోటార్ సైకిల్. సినిమా బాగుంది, అందులో డౌట్ లేదు. అది కల్పిత కథ అని సినిమా మొదట్లోనే చెప్పేశారు కూడా. అసలు భీం ఢిల్లీకి వెళ్లి ఎవరినీ విడిపించలేదు. అల్లూరి సీతారామరాజును కలవనే లేదు. సీతారామరాజు 1924లోనే చనిపోయారు, భీం అసలు పోరాటం మొదలైంది ఆ తర్వాత చాలా ఏళ్లకి. భీం తలపడింది బ్రిటిష్ గవర్నర్‌తో కూడా కాదు, హైదరాబాద్ నిజాం సర్కారుతో.

అయితే ఈ వ్యాసం సినిమా తప్పులు పట్టడానికి రాస్తున్నది కాదు. భీం జీవితంలో ఒక ఘట్టం ఉంది. అది పులి సీనంత గ్రాండ్‌గా ఉండదు కాబట్టి ఎవరూ పెద్దగా చెప్పరు. సర్కారు మనుషులు స్వయంగా వచ్చి, పోరాటం ఆపేయండి, మీ భూములకు పట్టాలు ఇస్తాం అన్నారు. భీం వద్దన్నాడు. భూమి కోసమే కదా పోరాడింది, మరి భూమి ఇస్తామంటే ఎందుకు వద్దన్నాడు? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ఆయన కథ మొదటి నుంచి చూడాలి.

కాగితం లేని భూమి

శామీర్‌పేట, మేడ్చల్ వైపు చదువుకునేవాళ్లకి భూమి గురించి ఎవరూ క్లాసు చెప్పక్కర్లేదు. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. సర్వే నంబరు, పాస్‌బుక్, మొన్నటిదాకా ధరణి, ఇప్పుడు భూభారతి, ఈ మాటలన్నీ చెవిన పడతాయి. కాగితం ఉన్నవాడిదే భూమి. ఇది మనకి ఎంత మామూలు విషయం అంటే, ఇంకోలా ఉండొచ్చు అన్న ఆలోచన కూడా రాదు.

ఆసిఫాబాద్ కొండల్లో గోండులకి ఆ మాట కొత్త. వాళ్లు తమను తాము కోయితూర్ అని పిలుచుకుంటారు. ఇప్పటి మహారాష్ట్రలోని చాందా కేంద్రంగా, అంటే ఇవాళ్టి చంద్రపూర్ కేంద్రంగా, గోండు రాజులు శతాబ్దాల పాటు ఏలారు. 18వ శతాబ్దంలో ఆ రాజ్యం మరాఠాల చేతికి పోయింది. రాజ్యం పోయినా ఊళ్లు మిగిలాయి. ఊరిపెద్ద ఒక చోటు చూసి దేవతను నిలబెట్టి ఊరు కడతాడు. చుట్టూ ఉన్న నేల ఆ ఊరిది. ఎవరు ఎక్కడ దున్నాలో ఊరు తేల్చుకుంటుంది. అంతే, ఇంక రికార్డు అంటూ ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. కొండ మీద మట్టి పలచగా ఉంటుంది. రెండు మూడేళ్లు పండించాక దాన్ని వదిలేసి, పక్క ముక్కలో చెట్లు కొట్టి సాగు చేస్తారు. కొన్నేళ్లకు పాత ముక్కకి బలం తిరిగొస్తుంది, మళ్లీ అక్కడికి వస్తారు. అంటే ఒక కుటుంబానికి ఈ ఏడు సాగులో ఉన్న భూమి కొంతే. విశ్రాంతి తీసుకుంటున్న భూమి ఇంకా ఎక్కువ. గోండు కళ్లకి అది తన పొలమే. సర్కారు ఉద్యోగి కళ్లకి మాత్రం ఎవరిదీ కాని బీడు.

నిజాం సర్కారు ఫసలీ 1326లో, అంటే 1916-17 ప్రాంతంలో అడవి చట్టం తెచ్చింది. టేకు అడవి సర్కారుకు ఆదాయం. మ్యాపు మీద గీతలు గీసి రిజర్వ్ ఫారెస్ట్ అన్నారు. గీత లోపల ఊళ్లు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి, బీడు పెట్టిన పాత పొలాలు ఇంకా ఎక్కువ ఉన్నాయి. అవన్నీ ఒక్క గీతతో ఆక్రమణ అయిపోయాయి. పశువుల్ని మేపితే పన్ను, కట్టెలు తెచ్చుకుంటే పన్ను, ఇవ్వకపోతే జంగ్లాత్ వాళ్ల దెబ్బలు. జంగ్లాత్ అంటే అడవి శాఖ. ఆ మాట ఇప్పటికీ అక్కడి ముసలివాళ్ల నోట వినిపిస్తుంది.

ఇటు మైదానం వైపు కూడా అదే కథ. 1920ల చివరికల్లా కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు వచ్చేసింది. రైలు వెంట రోడ్లు, రోడ్ల వెంట వ్యాపారులు, రైతులు, వడ్డీ వ్యాపారులు వచ్చారు. వాళ్లకి పట్వారీతో ఎలా మాట్లాడాలో తెలుసు. దరఖాస్తు ఏ భాషలో రాయాలో తెలుసు. గోండీ మాట్లాడే మనిషికి ఉర్దూ కచేరీలో నోరు పెగలదు. నల్లరేగడి భూములు ఒక్కొక్కటిగా కొత్తవాళ్ల పేరు మీద పట్టా అయ్యాయి. నిన్నటిదాకా దున్నినవాడు అదే పొలంలో కౌలుదారు అయ్యాడు, లేదా కొండెక్కాడు. కొండ మీదేమో జంగ్లాత్ వాళ్లు ఉన్నారు. కింద పట్టా, పైన రిజర్వ్. మధ్యలో మనిషికి నిలబడే చోటు లేకుండా పోయింది.

అప్పట్లో మన మేడ్చల్ కూడా నిజాం కిందే ఉండేది. అత్రాఫ్ బల్దా అనే జిల్లాలో, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్ భూముల్లో భాగం. ఇవాళ శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి పట్టుకుని కరీంనగర్, మంచిర్యాల దాటితే ఆసిఫాబాద్ వస్తుంది. దాదాపు 300 కిలోమీటర్లు. అక్కడి గోండుకీ ఇక్కడి రైతుకీ అధికారి ఒక్కడే. కానీ ఆ అధికారి దగ్గరికి చేరే దారి ఇద్దరికీ ఒకటి కాదు.

సంకేపల్లి కుర్రాడు

భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకేపల్లిలో పుట్టాడు. తండ్రి కొమురం చిన్ను. కొమురం అన్నది వాళ్ల ఇంటిపేరు, గోండీలో కుమ్రం అంటారు. అందుకే జిల్లా పేరు ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. బడి లేదు. ఆయన జీవితంలోని చాలా సంగతులు ముందు గోండుల నోట నిలిచి, తర్వాత పుస్తకాల్లోకి వచ్చాయి. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవల ఆ జ్ఞాపకాల్ని తెలుగు పాఠకుల దాకా తెచ్చింది.

ఆ జ్ఞాపకాల ప్రకారం భీంకి పదిహేనేళ్ల వయసులో తండ్రి జంగ్లాత్ వాళ్లతో గొడవలో ప్రాణం పోగొట్టుకున్నాడు. కుటుంబం సంకేపల్లి వదిలి కెరమెరి దగ్గర సుర్ధాపూర్‌కి వలస పోయింది. అడవి కొట్టి, మొద్దులు పీకి, నేల చదును చేసి కొత్తగా పొలం చేసుకున్నారు. పంట చేతికొచ్చే వేళకి సిద్దిఖ్ అనే జాగీర్దారు వచ్చి ఈ భూమి నాది, పంట నాది అన్నాడు. కాగితం అతని దగ్గర ఉంది. చెమట వీళ్లది.

గొడవ ముదిరింది. 1920లో ఒకరోజు భీం అతన్ని కొట్టాడు, అతను చనిపోయాడు. అప్పటికి భీంకి పంతొమ్మిదేళ్లు. మన సెకండియర్ వయసు అన్నమాట. ఆ రాత్రే ఊరు వదిలాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఒక మనిషి చావుని మనం తేలిగ్గా తీసుకోలేం, తీసుకోకూడదు కూడా. కానీ ఆ క్షణంలో ఆ కుర్రాడికి వేరే దారి ఏముంది అని అడిగితే జవాబు దొరకదు. కోర్టుకి పోతే కాగితం అడుగుతారు. పోలీసులు జాగీర్దారు మనుషులు. తండ్రి ఉదాహరణ కళ్ల ముందే ఉంది.

పరారీలో చదువు

సుర్ధాపూర్ నుంచి భీం కాలినడకన చాందా చేరాడు. వెంట కొండల్ అనే స్నేహితుడు ఉన్నాడంటారు. అక్కడ విఠోబా అనే ఆయన ప్రెస్ నడిపేవాడు. ఆంగ్లేయులకీ నిజాంకీ వ్యతిరేకంగా కాగితాలు అచ్చువేసేవాడు. ఆయన దగ్గర భీం పనికి కుదిరాడు. అక్షరాలు నేర్చుకున్నాడు. హిందీ, ఉర్దూ, కొంచెం ఇంగ్లీషు వచ్చాయి.

సినిమా చివర్లో భీం తన వాళ్లకి చదువు కావాలని అడుగుతాడు, గుర్తుందా? నిజం భీం ఆ చదువు కోసం ఎవరినీ అడగలేదు. పరారీలో ఉండగా, ప్రెస్సులో సీసపు అక్షరాల మధ్య తనే నేర్చుకున్నాడు. తన పొలాన్ని మింగేసింది ఏమిటో ఆయనకి అక్కడ అర్థమై ఉంటుంది. కాగితాన్ని చదవగలిగిన మొదటి తరం గోండు యువకుల్లో ఆయన ఒకడయ్యాడు.

కొంతకాలానికి విఠోబాను పోలీసులు పట్టుకున్నారు. భీం మళ్లీ దారి పట్టాడు. ఈసారి ఏకంగా అస్సాం. టీ తోటల్లో కూలి. ఆ తోటల్లో పనిచేసేవాళ్లలో చాలామంది కూడా ఆదివాసులే. మధ్య భారతంలోని కొండల నుంచి, తమ భూములు పోయాక, ఏజెంట్ల మాట నమ్మి వచ్చినవాళ్లు. దేశం ఇంకో మూలకి వెళ్లినా భీంకి కనిపించింది తన ఊరి కథే. నాలుగైదేళ్లు అక్కడున్నాడు. కూలీల గొడవల్లో ముందు నిలబడి జైలుకెళ్లాడు, తప్పించుకున్నాడు, గూడ్సు రైలెక్కి బల్లార్షాలో దిగాడు. మన్యంలో సీతారామరాజు చేసిన తిరుగుబాటు కబుర్లు అక్కడే చెవిన పడ్డాయని చెబుతారు. అంతకు అరవై ఏళ్ల ముందు, 1857 తిరుగుబాటు రోజుల్లో, నిర్మల్ వైపు పోరాడి ఉరికంబం ఎక్కిన రాంజీ గోండు కథ చిన్నప్పటి నుంచి తెలిసిందే.

ముందు కోర్టు, తర్వాత తుపాకి

తిరిగొచ్చిన భీం వెంటనే తుపాకి పట్టుకోలేదు. ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు.

కాకన్‌ఘాట్ అనే ఊళ్లో లచ్చు పటేల్ దగ్గర పనికి చేరాడు. సోంబాయిని పెళ్లి చేసుకున్నాడు. లచ్చు పటేల్‌కి ఆసిఫాబాద్ కచేరీలో ఒక భూమి తగాదా ఉంది. చదువుకున్న భీం ఆ కాగితాలు చూశాడు, అధికారులతో మాట్లాడాడు, కేసు గెలిపించాడు. చుట్టుపక్కల ఊళ్లలో పేరు మోగింది. కాగితంతో మాట్లాడగలిగే మనిషి మనలో ఒకడున్నాడు అని తెలిసింది.

తర్వాత బంధువులతో కలిసి బాబేఝరి చేరాడు. అక్కడ అడవి నరికి సాగు మొదలుపెట్టారు. పంట మీదున్నప్పుడు జంగ్లాత్ వాళ్లు, పోలీసులు వచ్చి ఖాళీ చేయమన్నారు. గుడిసెలు తగలబెట్టారు. భీం దరఖాస్తు పట్టుకుని నిజాంకే చెప్పుకుందామని హైదరాబాద్ దాకా వచ్చాడని, దర్శనం దొరకలేదని గోండులు చెబుతారు.

వరస చూడండి. మొదట కష్టపడి పొలం చేసుకున్నారు. పోయింది. తర్వాత చదువుకుని కోర్టులో గెలిచాడు. అది ఒక్క మనిషి భూమికే పనికొచ్చింది. తర్వాత పై అధికారి దగ్గరికి పోయాడు. తలుపు తెరుచుకోలేదు. అన్ని తలుపులూ తట్టాకే కొండకి తిరిగి వెళ్లాడు.

పన్నెండు ఊళ్లు

జోడేఘాట్ కేంద్రంగా పన్నెండు ఊళ్లు ఒక్కటయ్యాయి. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్, టోకెన్‌మోవాడ్, శివగూడ, నర్సాపూర్, కల్లెగాం, లైన్‌పటార్, చాల్‌బరిడి, భీమన్‌గొంది, అంకుసాపూర్, కొషగూడ. వీటిలో గోండులతో పాటు కోలాములు కూడా ఉన్నారు. యువకులతో దళం కట్టారు. కొమురం సూరు లాంటి సహచరులు వెంట నిలిచారు. అడవి మీద, నీళ్ల మీద, నేల మీద హక్కు మాదే అన్నారు. ఇవాళ మనం జల్, జంగల్, జమీన్ అని మూడు ముక్కల్లో చెప్పుకునేది దాన్నే.

ఈ మూడు పదాల్ని పోస్టర్ మీద చూసి వదిలేయడం సులువు. కానీ మూడూ కలిపి ఎందుకు? నేల ఒక్కటే ఇస్తే చాలదు కాబట్టి. ఎండాకాలం గింజలు అయిపోతే ఇప్పపువ్వు ఉండాలి. నాగలికి కర్ర, ఇంటికి వాసం అడవి నుంచే రావాలి. ఎడ్లకి మేత, నీళ్లు అక్కడే. ఐదెకరాలు చేతిలో పెట్టి చుట్టూ కంచె వేస్తే ఆ ఐదెకరాల్లో గోండు బతకలేడు. ఒక్క ఫైల్ ఇచ్చి దానికి కావాల్సిన లైబ్రరీలన్నీ బ్లాక్ చేసినట్టు. కోడ్ ఉంటుంది, రన్ కాదు.

జంగ్లాత్ వాళ్లని ఊళ్లలోకి రానివ్వలేదు. పన్ను కట్టలేదు. జమీందార్ల మీద దాడులు జరిగాయి. పోలీసులు వస్తే ఎదురు తిరిగారు. సంగతి హైదరాబాద్ దాకా పోయింది. దరఖాస్తు పట్టుకుని వచ్చినప్పుడు తెరుచుకోని తలుపు, ఇప్పుడు తనే కొండ దాకా నడిచొచ్చింది.

వద్దన్న రోజు

ఆసిఫాబాద్ నుంచి అధికారులు రాజీకి వచ్చారు. బేరం ఇది: పన్నెండు ఊళ్ల భూములకు పట్టాలు ఇస్తాం, అప్పులు మాఫీ చేస్తాం, మీరు గొడవ ఆపండి.

మామూలుగా చూస్తే గెలిచినట్టే. ఇరవై ఏళ్ల కింద సుర్ధాపూర్‌లో ఆ కాగితం ఒక్కటి ఉంటే అసలు ఈ కథే ఉండేది కాదు. ఊళ్లలో ఒప్పుకుందాం అన్నవాళ్లు కూడా ఉండే ఉంటారు. పిల్లలున్నవాళ్లకి, ముసలి తల్లిదండ్రులున్నవాళ్లకి అది చిన్న ఆశ కాదు.

భీం ఒప్పుకోలేదు. పట్టాలు సరే, పన్నెండు ఊళ్ల మీద పాలన కూడా మాదే కావాలన్నాడు. జంగ్లాత్ వాళ్లు వెళ్లిపోవాలన్నాడు. జైల్లో ఉన్న గోండుల్ని వదలాలన్నాడు. సర్కారు కుదరదంది. మాటలు తెగిపోయాయి.

ఎందుకు వద్దన్నాడో ఇప్పుడు ఆలోచిద్దాం. పట్టా ఇచ్చేవాడు ఎవరు? ఆ భూమిని నిన్నటిదాకా తనదే అన్నవాడు. ఇవాళ ఇచ్చిన చేతికి రేపు తీసుకోవడం కూడా తెలుసు. పట్టా తీసుకోవడమంటే, ఇది ముందు నుంచి మీదే, మీరు దయతలిచి ఇచ్చారు అని ఒప్పుకోవడం. పైగా పట్టా ఒక్కో మనిషి పేరు మీద వస్తుంది. ఊరి అడవి, ఊరి వాగు, బీడు పెట్టిన పాత పొలం ఎవరి పేరు మీద రాస్తారు? అవి ఎవరి పట్టాలోకీ రావు కాబట్టి సర్కారువే అవుతాయి.

మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే, సర్కారు ఇస్తానన్నది యూజర్ అకౌంట్. భీం అడిగింది అడ్మిన్ యాక్సెస్. యూజర్ అకౌంట్‌లో మన ఫైల్స్ మనకి కనిపిస్తాయి, హాయిగా పని చేసుకోవచ్చు. కానీ పర్మిషన్లు మార్చేవాడు వేరే ఉంటాడు. ఆ తేడా ఏమిటో భీంకి అనుభవం మీద తెలుసు. ఒకసారి సంకేపల్లిలో, ఒకసారి సుర్ధాపూర్‌లో, ఒకసారి బాబేఝరిలో, మూడుసార్లు పర్మిషన్ తీసేశారు.

జోడేఘాట్ వెన్నెల

1940లో ఆసిఫాబాద్ తాలూక్‌దారు అబ్దుల్ సత్తార్ ఆధ్వర్యంలో పోలీసులు కొండెక్కారు. దారి చూపింది తమవాళ్లలోనే ఒకడని చెబుతారు. ఆశ్వయుజ పౌర్ణమి రాత్రి జోడేఘాట్ గుట్టల్లో కాల్పులు జరిగాయి. ఒకవైపు తుపాకులు, ఇంకోవైపు ఎక్కువగా విల్లులు, బరిసెలు, కొన్ని నాటు తుపాకులు. భీంతో పాటు మరికొంతమంది గోండులు చనిపోయారు. భీంకి మంత్రాలు వచ్చని, మళ్లీ లేస్తాడని పోలీసులకి భయమట. అందుకే చనిపోయాక కూడా కాల్చారని, శవాల్ని ఊళ్లకి ఇవ్వకుండా అక్కడే తగలబెట్టారని గోండులు చెప్పుకుంటారు. ఆయనకి అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఆయన పోయాక

తిరుగుబాటు అణిగింది కానీ ప్రశ్న అణగలేదు. అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారుకే అనిపించింది. అప్పటికే హైదరాబాద్ రాజ్యంలో ఒక ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త ఉన్నారు. పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి అనే గోండు ఊళ్లో గుడిసె వేసుకుని ఉన్నారు. భూములు ఎలా పోయాయో, రిజర్వ్ గీతలు ఊళ్లని ఎలా మింగాయో ఊరూరా తిరిగి రాశారు. 1945లో సర్కారు ఆయన్ని గిరిజనుల సలహాదారుగా పెట్టుకుంది. గోండీలో చదువు చెప్పే బడులు వచ్చాయి. ఆదిలాబాద్ గోండులకి లక్ష ఎకరాలకి పైగా భూమి పట్టా అయింది. 1946లో గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నాయి.

అంటే భీం బతికుండగా వద్దన్న పట్టాలు, ఆయన చనిపోయాక ఆయన వాళ్లకి వచ్చాయి. మంచిదే. మరి ఆ తర్వాత ఏమైంది? భీం భయపడిందే జరిగింది. పాలన మారింది, అధికారులు మారారు, మళ్లీ మైదానం నుంచి జనం వచ్చారు, పట్టా భూములు కూడా అప్పుల్లో, మోసాల్లో చేతులు మారాయి. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి పోకుండా 1959లో చట్టం, దాన్ని గట్టిచేస్తూ 1970లో సవరణ తెచ్చారు. అదే అందరూ అనే వన్ ఆఫ్ సెవెంటీ. చట్టం ఉన్నా భూములు పోతూనే ఉన్నాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. మన దేశంలో మొదటిసారి ఒక చట్టం, అడవిలో బతికేవాళ్లకి చరిత్రలో అన్యాయం జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకుంది. అందులో రెండు రకాల హక్కులున్నాయి. ఒకటి, కుటుంబం సాగు చేసుకుంటున్న పోడు భూమికి పట్టా. రెండోది, ఊరు మొత్తానికి కలిపి అడవి మీద హక్కు, గ్రామసభ చేతిలో. మొదటిది సర్కారు భీంకి ఇస్తానన్నది. రెండోది భీం అడిగిన దానికి దగ్గరగా ఉన్నది.

ఈ రెండోది ఉత్త మాట కాదని చూపించే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. ఒడిశాలో నియమగిరి కొండల మీద బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్నది అక్కడి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. డోంగ్రియా కోందుల కొండ అది. గ్రామసభలు పెట్టిన ఊళ్లు ఎన్నో తెలుసా? పన్నెండు. పన్నెండూ వద్దన్నాయి. గని ఆగిపోయింది. ఒక్కరు కూడా విల్లు ఎత్తాల్సిన అవసరం రాలేదు. అంతకు ఆరేళ్ల ముందు, 2007లో, ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనను ఆమోదించినప్పుడు భారతదేశం కూడా అనుకూలంగా ఓటు వేసింది. వాళ్ల భూముల మీద ఏం చేయాలన్నా ముందు వాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలన్నదే ఆ ప్రకటనలో ముఖ్యమైన మాట.

తెలంగాణ విషయానికొస్తే, 2016లో ఆసిఫాబాద్ జిల్లాకి భీం పేరు పెట్టారు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది, జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం ఉన్నాయి. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఇస్తున్నట్టు ప్రకటించారు. ఆ కాగితం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబానికి అది ఎంత పెద్ద విషయమో మనం ఊహించగలం. దాన్ని తక్కువ చేయక్కర్లేదు.

కానీ 2025 మే నెలలో ఇంకో జీవో వచ్చింది, నంబర్ 49. కవ్వాల్, మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవుల మధ్య దారిని కాపాడటానికి ఆసిఫాబాద్ జిల్లా అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించారు. దానికి పెట్టిన పేరు కూడా కుమ్రం భీం పేరే. పులులకి దారి కావాలి, అది నిజం. ఆ దారిలో ఊళ్లు ఉన్నాయి, అదీ నిజం. మమ్మల్ని అడగకుండా గీత గీశారని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. జూలైలో సర్కారు ఆ జీవోని నిలిపివేసింది. గీతకి వ్యతిరేకంగా చనిపోయిన మనిషి పేరునే కొత్త గీతకి పెట్టారు. మ్యాపు గీసినవాళ్లలో ఎవరికైనా ఈ సంగతి తట్టిందో లేదో.

ఈ విషయంలో మనకేం పని అని అనిపించొచ్చు. మనలో కొందరం రేపు ఈ మ్యాపుల పనే చేస్తాం. శాటిలైట్ ఇమేజ్ చూసి ఇది అడవి, ఇది సాగు, ఇది బీడు అని లేబుల్ వేసే మోడల్స్ ఇప్పటికే ఉన్నాయి. ఆ మోడల్‌కి మూడేళ్లుగా విశ్రాంతి తీసుకుంటున్న గోండు పొలం ఎలా కనిపిస్తుంది? ఫసలీ 1326లో జంగ్లాత్ ఉద్యోగికి కనిపించినట్టే. డేటాసెట్‌లో ఆ ఊరివాళ్ల మాట లేకపోతే మెషీన్ కూడా అదే గీత గీస్తుంది, కాకపోతే ఇంకా స్పీడుగా.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీం వర్ధంతి చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గోండులు, కోలాములు వస్తారు. డోళ్లు మోగుతాయి, పూజలవుతాయి, తర్వాత దర్బారు జరుగుతుంది. మంత్రులు, కలెక్టరు కొండెక్కి వస్తారు. జనం లైన్లో నిలబడి దరఖాస్తులు ఇస్తారు. ఒకప్పుడు భీం దరఖాస్తు పట్టుకుని హైదరాబాద్ రావాల్సి వచ్చింది. ఇప్పుడు హైదరాబాదే జోడేఘాట్ వస్తోంది. ఇది మార్పే, చిన్న మార్పు కూడా కాదు. కానీ దరఖాస్తు ఇచ్చే చెయ్యి ఇంకా వాళ్లదే, సంతకం పెట్టే చెయ్యి ఇంకా వేరేవాళ్లదే. భీం ఆ రోజు పట్టా వద్దని అడిగింది ఆ రెండో చెయ్యి గురించే.